వెనక చక్రాల మీది చోటు

ఆయన పోయాడని ఫోన్‌కు ఫోటో వచ్చింది. రాయదుర్గంలో జీన్స్ కుట్టే ఆడవాళ్లం పెట్టుకున్న గ్రూపులో ఎవరో పెట్టారు. కింద వరసగా దండాలు. పూలదండ మధ్యలో కూడా ఆ మనిషి తల ఒక పక్కకు వంచి, ఒక కన్ను చిన్నది చేసి చూస్తున్నాడు. ఫోటో తీసినవాడు ఏ కాలి మీద ఎక్కువ బరువు వేసి నిల్చున్నాడో చూస్తున్నాడని నాకు వెంటనే అర్థమైంది. నవ్వొచ్చింది. ఆ వెనకే గుండె దడదడమంది. పోయిన మనిషి ఫోటో చూసి దడ ఎందుకని మా ఆయన అడిగాడు. ఏం చెప్పను? ఆయన్ని తలచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది భయమే. కొన్ని నెలలపాటు నేనూ ఆయనా ఒకే భయంతో ఒకే జీపులో తిరిగాం.

పేరు రాయను. మా జీపులో ఆయన పేరు ఎవరికీ పట్టలేదు. ఎదురుగా ఉంటే అన్నా అనేవాళ్లం, దిగి నాలుగడుగులు వేశాక తక్కెడాయన అనేవాళ్లం. బెళుగుప్ప పక్క పల్లెల నుంచి మమ్మల్ని పొద్దున్నే రాయదుర్గం కుట్టు యూనిట్‌కు తీసుకుపోయి, సాయంత్రం తెచ్చి దింపేవాడు. శనక్కాయ పంట ఎండిపోయిన ఇండ్లలోని ఆడవాళ్లమే అందరం. డ్రైవరు పక్కన ఇద్దరు, నడిమి సీటులో నలుగురు, వెనక ఎదురెదురు బెంచీల మీద పట్టినంతమంది. వేరే జీపుల్లో ముందొచ్చినవాళ్లు మంచి చోటు చూసుకుని కూర్చుంటారు. ఈయన జీపులో ఆ ఆటలు సాగవు. మనల్ని చూసి, కంటితో తూచి, ఆయన చెప్పిన చోటే కూర్చోవాలి.

ఎక్కబోతుంటే చెయ్యి అడ్డం పెట్టేవాడు. కిందా మీదా ఒకసారి చూసేవాడు. చెడ్డ చూపు కాదు, ఆ మాట ఎవరూ అనలేదు. సంతలో గొర్రెను కొనేవాడు చూసే చూపు. "నువ్వు నడిమికి పో. నువ్వు ఎడమ పక్క. నువ్వు తోక కాడికి పోమ్మా, నీలో గాలి తప్ప ఏముండాది?" అనేవాడు. పండగ మరుసటి రోజైతే ఇంకా ఘోరం. "ఏమ్మా, ఓళిగలు బాగా పట్టించినట్టుండావే, కుడి పక్క నుంచి ఎడమకు జరుగు" అని అందరి ముందరా అనేసేవాడు. కొత్తగా చేరిన పిల్లలు సిగ్గుతో చచ్చిపోయేవాళ్లు. పాతవాళ్లం తిట్టేవాళ్లం. తిట్లు ఆయనకు ఎక్కేవి కావు.

నేను లావు మనిషిని. దాచేదేముంది, కనబడుతూనే ఉంటుంది కదా. కాబట్టి నా చోటు మొదటి రోజే ఖాయమైపోయింది. వెనక, ఎడమ బెంచీ, సరిగ్గా చక్రం మీద. ఆయన కుడి పక్క స్టీరింగు దగ్గర కూర్చుంటాడు కాబట్టి దానికి సరిజోడుగా నేను ఎడమ పక్క. నా ఎదురుగా ఓబులమ్మక్క. ఆమె నాకన్నా ఒక చుట్టు ఎక్కువే, నోరు ఇంకో రెండు చుట్లు ఎక్కువ. "మేమేమన్నా శనక్కాయ మూటలమా, నీకిష్టమొచ్చిన చోట పడేసేకి?" అని ఆమె రోజూ అడిగేది. ఆయనా రోజూ అదే జవాబు చెప్పేవాడు.

"బరువుది ఏం తప్పు లేదుమ్మా. కూసునే చోటు తప్పైతేనే తప్పు."

ఒకసారి ఓబులమ్మక్క పట్టుబట్టి తోక చివర, తలుపు పక్కన కూర్చుంది. గాలి బాగా వస్తుందని. ఊరు దాటాక కంకర రోడ్డు మీద జీపు ముందు భాగం తేలిపోయినట్టయింది. స్టీరింగు తిప్పినా బండి కాసేపు నేరుగానే పోయి, ఆ తర్వాత ఎప్పుడో తిరిగింది. కంపచెట్లలోకి పోబోయి ఆగాం. ఆయన దిగివచ్చి, "చూస్తివా? చక్రాల వెనక బరువు ఎక్కువైతే ముందు చక్రాలకు నేల అందదు. ఇంగ అది నా మాట యాడ ఇంటాది?" అన్నాడు. ఓబులమ్మక్క గమ్మున లేచి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. ఆ రోజంతా ఆమె మాట్లాడలేదు. మాకు పండగలా ఉండింది.

బయల్దేరే ముందు ఆయనకు ఒక తంతు ఉండేది. వెనక బంపరు మీద మోకాలు పెట్టి గట్టిగా ఒత్తి వదిలేవాడు. జీపు ఒకసారి లేచి కుదురుకుంటే సరే. రెండోసారి ఊగిందంటే షాకప్సర్లు పోయినట్టే అని ముఖం మాడ్చుకునేవాడు. తర్వాత ప్రతి చక్రం మీదా రేకుకూ టైరుకూ మధ్య అరచెయ్యి దూర్చి చూసేవాడు. అది అయ్యాక రోడ్డు మీద అంత దూరం వెనక్కు నడిచి, గొంతుక్కూర్చుని, ఒక కన్ను మూసి జీపు ఏ పక్కకు వాలిందో చూసేవాడు. మాకు పనికి టైమవుతుంటే ఈయన అక్కడ కూర్చుని పెండ్లిచూపులు చూస్తుంటాడు. "పిల్ల నచ్చిందా అన్నా? కట్నం మాట్లాడమంటావా?" అని ఓబులమ్మక్క అరిచేది. "ఎడమ పక్క రొంత కుంటుతాండాది, ఒకరు లేసి ఇటు రాండి" అని ఆయన అక్కడి నుంచే అరిచేవాడు.

పెద్ద తెలివైనవాడని చెప్పడం లేదు నేను. తప్పులూ అంతే గట్టిగా చేసేవాడు. కొత్తగా వచ్చిన ఒకామెతో ఒకసారి, ఆమె కూర్చున్నప్పటి నుంచి జీపు ఎడమకు లాగుతోందని దారిపొడుగునా గొడవపడ్డాడు. ఆమెను ఈ బెంచీ నుంచి ఆ బెంచీకి, అక్కడి నుంచి ముందుకు మార్చాడు. ఆమె ఏడ్చేసింది. తీరా చూస్తే ముందు ఎడమ టైరు పంచరు. మేము నవ్విన నవ్వుకు రోడ్డు పక్కన మేస్తున్న గొర్రెలు బెదిరిపోయాయి. ఆయన పంచరు వేయించుకుని వచ్చి, "టైరు సంగతి వేరే. ఆమె అట్ల కూసోడం కూడా తప్పే" అన్నాడు. ఓడిపోవడం ఆ మనిషికి చేతకాదు.

అన్నిటికన్నా పెద్ద తప్పు ఆయన తన జీపుకే చేసుకున్నాడు. మా ఓనరు శెట్టి, సాయంత్రం కుట్టిన ప్యాంట్లను మూటలు కట్టి పల్లెలకు పంపేవాడు. ఊళ్లలోని ఆడవాళ్లు ఇండ్ల దగ్గర దారాలు కత్తిరించి, గుండీలు వేసి పొద్దున తిరిగి పంపుతారు. ఆ మూటలు మోసేందుకని ఈయన వెనక కమాన్ కట్టల్లో అదనంగా ఒక పట్టా వేయించాడు. ఇనుప పట్టాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయే, జీపు వెనక భాగం బరువంతా మోసేవి, అవే. మూటలు ఉన్నప్పుడు జీపు బాగానే నడిచేది. మూటలు లేని రోజుల్లో ఆ కట్టలు వంగవు. గుంత వస్తే చక్రం అదిరింది అదిరినట్టే మా నడుముల్లోకి వచ్చేది. వెనక భాగం గట్టిపడి, మలుపుల్లో తోక పక్కకు ఎగిరి పడేది. "మూటల కోసం మనుషుల నడుములు ఇరగ్గొడతాండావు" అని మేమంటే, "అందుకే కదమ్మా మిమ్మల్ని చక్రాల మీద కూసోబెట్టేది. మీ బరువుకన్నా అవి రొంత వంగుతాయి" అనేవాడు. అంటే మా నడుములతో ఆయన కమాన్లను మెత్తబరచుకుంటున్నాడన్నమాట.

అట్లాంటి జీపులో, సరిగ్గా చక్రం మీద కూర్చునే నేను కడుపుతో ఉన్నానని తెలిసింది.

అంతకు ముందు రెండు పోయాయి. రెండూ మూడో నెల దాటి దాటకుండానే. ఆ దుఃఖం గురించి ఇక్కడ రాయను, నా వల్ల కాదు. ఈసారి మా అత్త గట్టిగా చెప్పింది. "ఐదో నెల నిండేదాకా ఎవురికీ చెప్పొద్దు. కండ్లు పడతాయి. మీయమ్మకు కూడా చెప్పొద్దు." పని మానేయడానికి లేదు. ఆ ఏడు వాన పడలేదు, మా ఆయన గొర్రెలను మేపుకుంటూ ఎక్కడెక్కడికో పోయి ఉన్నాడు. రాయదుర్గం డాక్టరమ్మ, "కుదుపులకు పోయే పిల్లలు కారమ్మా. నిలబడేది నిలబడుతుంది. నువ్వు ఊరికే భయపడొద్దు" అంది. చదువుకున్న మనిషి చెప్పింది, నేనూ విన్నాను. కానీ జీపు ఎక్కి ఆ చక్రం మీద కూర్చోగానే ఆ మాట ఎటు పోయేదో పోయేది.

నడిమి సీటు అడిగాను. జీపుకు సరిగ్గా మధ్యన, ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ దూరంగా ఉండే చోటు అది. కుదుపు అక్కడికి వచ్చేసరికి సగం చచ్చిపోతుంది. ఈ సంగతి మాకు చెప్పింది కూడా ఆయనే.

"నడుము నొప్పన్నా, నడిమి సీటులో కూర్చుంటాను" అన్నాను.

"నడుము నొప్పి ఎవురికి లేదుమ్మా? నువ్వు ముందుకు పోతే వెనక ఎవుర్ని పెట్టాల? ఎగురుతాది జీపు. పో, నీ చోట కూసో."

"కూర్చోను పో."

"కూసోకుంటే దిగు."

దిగాను. నాకు కోపం వస్తే కాళ్లు ముందు నడుస్తాయి, తల తర్వాత వస్తుంది. ఎండలో మెయిన్ రోడ్డుదాకా నడిచి, బస్సు పట్టుకుని, ఆలస్యంగా పోయి మాటలు పడ్డాను. దారిపొడుగునా ఆయన్ని తిట్టాను. ఆ తర్వాత ఇంత కోపం, ఇంత నడక మంచిది కాదేమోనని భయపడి తిట్టడం మానేశాను. అదీ ఆ రోజుల్లో నా బతుకు. కూర్చుంటే భయం, నడిస్తే భయం, ఏడిస్తే భయం.

మరుసటి రోజు చేసేది లేక మళ్లీ ఆ చక్రం మీదే కూర్చున్నాను. పైనున్న కమ్మీని రెండు చేతులతో పట్టుకున్నాను. గుంత వచ్చేది కనబడితే చాలు, చేతుల బలంతో ఒళ్లు పైకి లేపి గాలిలో ఉండేదాన్ని. గుంత దాటాక మెల్లగా కూర్చునేదాన్ని. "ఏం చేస్తున్నావే, కసరత్తా?" అని ఓబులమ్మక్క అడిగింది. నవ్వాను. కమ్మీ మాత్రం వదల్లేదు.

కల్వర్టు దగ్గర ఆయన జీపు ఆపాడు. "గాలి చూడాల, దిగి నిలబడండి" అన్నాడు. అందరూ దిగి కంపచెట్ల నీడకు పోయారు. నేను దిగలేదు. ఎక్కడం దిగడం కూడా తగ్గించుకున్న రోజులవి. ఆయన వెనక తలుపు దగ్గరకు వచ్చి, టైరు వైపు చూస్తూ, నా ముఖం చూడకుండా అడిగాడు.

"ఎన్నో నెలమ్మా?"

గుంత గుంతకూ నేను పైకి లేవడం అద్దంలో చూసి ఉంటాడు. మనుషుల బరువు ఎటు పోతోందో చూసే అద్దం కదా అది. "నాలుగోది పడింది. ఎవురికీ చెప్పొద్దన్నా, నీ కాళ్లు పట్టుకుంటా" అన్నాను.

"ముందే చెప్పి ఏడ్సొచ్చు కదా తల్లీ" అన్నాడు. "ఇంతకాలం పట్టుబట్టి ఈ చక్రం మీద కూసోబెట్టినానే నిన్ను." టైరును కాలితో ఒక తన్ను తన్నాడు. పాపం టైరు ఏం చేసింది?

అందరూ తిరిగి ఎక్కేటప్పుడు ఆయన గట్టిగా చెప్పాడు. "ఈమె వెనకుంటే జీపు ఎడమకు లాగుతాండాది. ఈ పొద్దు నుంచి నడిమి సీటు ఈమెకే."

"నిన్నటిదాకా ఆమె లేకుంటే ఎగురుతాదంటివి, ఈ పొద్దు ఉంటే లాగుతాదంటాండావు. నీకేమన్నా తిక్కనా?" అంది ఓబులమ్మక్క.

"జీపు నాది. లాగుతాండాదంటే లాగుతాండాది."

తన లెక్క తప్పని ఎన్నడూ ఒప్పుకోని మనిషి, నా కోసం అందరి ముందూ తప్పు లెక్క చెప్పాడు. నాకు ఎంత ఊరట కలగాలి? కలగలేదు. ఇంటికి పోయి పడుకుంటే కొత్త భయం పట్టుకుంది. ఎవరి కన్నూ పడకూడదని అత్త చెబితే, తెలిసింది పోయిపోయి ఎవరికి? మనుషులను కంటితో తూచే మనిషికి! ఊర్లో అంత పెద్ద కన్ను ఇంకెవరికుంది? లేచి ఉప్పు తిప్పుకుని నీళ్లలో వేశాను. ఎందుకని అత్త అడిగితే తలనొప్పి అన్నాను.

ఆయనకూ అదే తోచిందేమో. మరుసటి రోజు నుంచి నేను ఎక్కేటప్పుడు ముఖం అటు తిప్పుకునేవాడు. అందర్నీ కిందా మీదా చూసేవాడు, నా వంతు వచ్చేసరికి ఆకాశం వైపో, అవతలి గట్టు వైపో చూసి "నడిమికి" అనేవాడు. కన్నబిడ్డను కూడా తూచకుండా వదలడేమో అనుకునే మనిషి నన్ను ఒక్కసారి కూడా చూడలేదు. నేనెక్కి కూర్చున్నాక అద్దాన్ని కూడా నా ముఖం కనబడకుండా తిప్పేవాడు.

ఐదో నెల నిండింది. అత్త అందరికీ చెప్పింది. "ఓయమ్మా, అందుకా జీపు ఎడమకు లాగింది!" అని ఓబులమ్మక్క జీపు అదిరేలా నవ్వింది. నా చోటు ఆమెకు అంటగట్టారు. రోజూ సణిగేది, రోజూ కూర్చునేది.

అందరికీ తెలిశాక ఆయన మరీ అన్యాయమైపోయాడు. ఎద్దులబండి కూడా మమ్మల్ని దాటిపోయేది. నేను కొంచెం మూలిగితే చాలు, "ఏమైంది?" అని బ్రేకు వేసేవాడు. ఆ బ్రేకుకు అందరం ముందుకు పడేవాళ్లం. "నీ భయంతోనే నన్ను చంపేట్టుండావన్నా" అని ఒకరోజు అరిచాను. నా భయమే నాకు మోయలేనంత ఉంటే, మీద ఈయనది కూడానా? ఆయన ముందుకు చూస్తూ మెల్లగా తోలాడు.

శెట్టితో గొడవ ఆ రోజుల్లోనే జరిగింది. ఏదో అర్జెంటు ఆర్డరు. జీపు పైన క్యారియర్ మీద ఎప్పటి మూటలకు ఇంకో వరస ఎక్కించమని శెట్టి మనుషులను పంపాడు. సాయంత్రం గాలి విపరీతంగా ఉంది, ఎర్ర దుమ్ము లేస్తోంది. ఈయన రోడ్డు మీద వెనక్కు నడిచి గొంతుక్కూర్చుని చూసి వచ్చి, పైకెక్కి తాళ్లు విప్పడం మొదలుపెట్టాడు.

"ఏమప్పా, యాలప్పా దించుతాండావు?" అని శెట్టి బయటికొచ్చాడు. మా శెట్టి భారీ మనిషి. నడిస్తే ముందు కడుపు వస్తుంది.

"నెత్తి బరువైపోయింది శెట్టీ. చెరువు కట్ట మలుపులో పక్కకు వాలిందంటే మళ్లా లేయదు. లోపల కడుపుతో ఉండే మనిషి ఉండాది."

"రోజూ పోయే మలుపే కదప్పా. మెల్లగా పో."

"నీ మూటలు కావాల్నంటే లోపల పెడతా, నువ్వు పైన కూసో. అప్పుడు తెలుస్తాది."

మేము నవ్వు ఆపుకోలేకపోయాం. శెట్టి ముఖం ఎర్రబడింది. "నీ జీపు ఒకటేనా ఈ రాయదుర్గంలో?" అన్నాడు. ఈయన పైనుంచి ఒక్కో మూటా కిందికి వేశాడు, కొత్త వరసే కాదు, పాతవి కూడా. మరుసటి రోజు నుంచి మూటలు ఇంకో బండికి పోయాయి. ఆ కోపంలో ఇద్దరూ మాటలు కూడా మానేశారు.

ఎనిమిదో నెలలో ఒకరోజు, పొద్దెక్కాక, మిషను మీద జిప్పు కుడుతుండగా కాళ్ల మధ్య తడి తగిలింది. నీళ్లనుకున్నాను. చూస్తే రక్తం. అరవడానికి కూడా భయమేసింది. అరిస్తే ఇంకా పోతుందేమోనని అట్లాగే కూర్చుని ఓబులమ్మక్క కొంగు పట్టుకుని లాగాను. ఆమె చూసి, నోరు మూసుకుని, నన్ను ఎత్తినంత పని చేసింది. ఆ నోరు మూతపడిందంటే నా పని అయిపోయిందనుకున్నాను.

పిలిస్తే యూనిట్‌కే వచ్చిన డాక్టరమ్మ చూసి, ఇక్కడ కాదు, ఇప్పటికిప్పుడు బళ్లారి పెద్దాసుపత్రికి పోవాలంది. ఆపరేషన్ చేయాలంది. మనిషిని కుదపకుండా తీసుకుపొమ్మంది. కుదుపులకు ఏమీ కాదన్న ఆమె నోటి నుంచే ఆ మాట వచ్చేసరికి నాకు కళ్లు తిరిగాయి. అంబులెన్సు వేరే ఊరికి పోయి ఉంది, తిరిగి రావాలంటే టైం పడుతుందన్నారు. యూనిట్ గేటు ముందు ఈయన జీపు ఉంది.

నన్ను నడిమి సీటులో పడుకోబెట్టారు. ఒక పిల్ల తల ఒళ్లో పెట్టుకుంది. ఆయన స్టీరింగు దగ్గర కూర్చుని, మళ్లీ దిగాడు. వెనకకు పోయి మోకాలితో ఒత్తాడు. జీపు వంగలేదు. ఖాళీగా ఉంది కదా, మూటలు లేవు, మనుషులు లేరు, ఆ అదనపు పట్టా బిగుసుకుని ఉంది.

"ఇట్ల తోలితే ఎగరేస్తాది" అన్నాడు. "వెనక బరువు కావాల. చక్రాల మీద. దబ్బున."

శెట్టి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. "బండలు ఎత్తించనా?" అన్నాడు.

"బండలు దొర్లుతాయి శెట్టీ. గుంతలో దొర్లి ఇంగా కొడతాయి. మనుషులు కావాల. మనుషులైతే పట్టుకోని కూసుంటారు."

ఓబులమ్మక్క అప్పటికే ఎక్కి తన చోట, చక్రం మీద కూర్చుని ఉంది. "రాండే, ఏం చూస్తాండారు?" అని అరిచింది. మిషన్లు ఆపేసి వచ్చారు. తమ లావు గురించి ఒక్క మాట అంటే ఓర్చుకోలేని ఆడవాళ్లు, "నేను ఆమె కన్నా ఎక్కువ ఉంటానన్నా, నన్ను ఎక్కించుకో" అని ఒకరినొకరు తోసుకున్నారు. ఆయన మనిషి మనిషినీ చూసి చోటు చెప్పాడు. కుడి పక్క ఇంకా తక్కువగా ఉంది. తిరిగి శెట్టిని చూశాడు. మాటలు లేని మనుషులు.

"శెట్టీ, ఎక్కు" అన్నాడు.

శెట్టి కిందికీ పైకీ చూశాడు. ఆర్డరు ఉంది, యూనిట్ ఖాళీ అయిపోయింది. చెప్పులు విడిచి బెంచీ కింద పెట్టాడు, ఎందుకు విడిచాడో ఆయనకే తెలియాలి, ఆడవాళ్ల మధ్యన బెంచీ మీద కూర్చున్నాడు. జీపు వెనక భాగం మెత్తగా కిందికి దిగింది. నా వీపుకు తెలిసింది.

బళ్లారి రోడ్డులో ఆయన తోలిన తోలడం నేను జన్మలో మరచిపోను. ఎద్దులబండికి దారిచ్చే మనిషి లారీలను దాటేశాడు. గుంత వచ్చే ముందు "పట్టుకోండి" అని అరిచేవాడు. వెనక అందరూ కమ్మీలు పట్టుకుని, బెంచీలు వదలకుండా, బిగదీసుకుని కూర్చునేవాళ్లు. జీపు గుంతలోకి దిగి, మెల్లగా పైకి తేలేది. ఒక్కసారి కూడా ఎగరలేదు. శెట్టి గోవిందా గోవిందా అంటున్నాడు. ఓబులమ్మక్క, "నోరు కాదు శెట్టీ, కమ్మీ గట్టిగా పట్టుకో" అంటోంది. నేను కడుపు మీద చెయ్యి పెట్టుకుని లోపల కదలిక కోసం చూస్తున్నాను. కదలడం లేదు. ఆ భయాన్ని ఏ మాటల్లో చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు. పైకి చూస్తే అద్దంలో ఆయన కళ్లు కనబడ్డాయి. ఇన్ని నెలల తర్వాత అద్దం నా వైపు తిప్పి ఉంది.

"కదిలిందా?" అన్నాడు.

"లేదన్నా."

బండి ఇంకా వేగం పుంజుకుంది.

తర్వాతది నేను చూసింది కాదు. నన్ను లోపలికి తీసుకుపోయారు. ఓబులమ్మక్క చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. అందరూ వరండాలో నేల మీద కూర్చున్నారట. శెట్టి అందరికీ టీ చెప్పాడట, ఎవరూ తాగలేదట. ఆయన మాత్రం లోపలికి రాలేదు. జీపు పక్కనే, ఆసుపత్రి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. పొద్దు వాలింది. నర్సు వచ్చి చెప్పింది. ఓబులమ్మక్క పరుగెత్తుకుంటూ బయటికి పోయింది. ఆ ఒళ్లేసుకుని ఆమె పరుగెత్తడం అదే మొదటిసారి అని తనే చెప్పింది. ఆమె నోరు తెరిచేలోపే ఆయన అడిగాడు.

"ఇద్దరూనా?"

"ఇద్దరూ అన్నా. ఆడబిడ్డ."

ఆయన తల ఊపాడు. రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. తర్వాత పోయి వెనక తలుపు తీసి పట్టుకున్నాడు. నా దగ్గర ఉండేవాళ్లను వదిలి మిగతావాళ్లు ఊరికి పోవడానికి ఒక్కొక్కరే వచ్చి, అలవాటుగా ఆయన ముందు ఆగారు. తూకం కోసం. ఆయన ఎవరినీ చూడలేదు. కళ్ల నుంచి నీళ్లు కారుతుంటే ఏం కనబడుతుంది?

"మీకు యాడ కావాల్నంటే ఆడ కూసోండమ్మా" అన్నాడట.

ఎవరూ నమ్మలేదు. ముందుగా శెట్టి చెప్పులు చేతిలో పట్టుకుని, పోయి వెనక కుడి చక్రం మీద కూర్చున్నాడు.